ఒకే వరద, రెండు జబ్బులు: ఒక లంక ఇంట్లో అన్నాచెల్లెళ్ల కేసు

2022 జులైలో గోదావరి వరద ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకల్లో చాలా ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. నీళ్ళు తీశాక, ఆగస్టు మొదట్లో ఒక లంక గ్రామం నుంచి ఒకే ఇంటి మనుషులు ఇద్దరు మా క్లినిక్‌కి వచ్చారు. చెల్లెలికి 32, అన్నకి 34. "వరద చూసి ఇద్దరికీ మతి చెడింది బాబూ" అంది తల్లి. ఊళ్ళో ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ మీద కూడా "ఫ్లడ్ షాక్" అనే ఉంది.

ఇద్దరిదీ ఒకే జబ్బు కాదు. ఏ ఒక్కటీ వరదతో మొదలైందీ కాదు. వరదకి దొరికిపోయారు, అంతే. ఈ కేసు రాయడానికి కారణం అదే. మానసిక జబ్బుకి ఇవాళ చీటీ మీద పెట్టే పేరు కన్నా, అది ఏ వయసులో ఏ రూపంలో వచ్చిందన్న వరుస ఎక్కువ సంగతులు చెబుతుంది. ఆ వరుస ఆడపిల్లలో ఒకలా, మగపిల్లల్లో ఒకలా నడుస్తుంది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పేర్లు పెట్టడం లేదు, అన్న, చెల్లెలు అనే అంటాను.

వచ్చిన రోజు

చెల్లెలు గదిలోకి వస్తూనే గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి జులై కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి నా టేబుల్ మీద ఉంచింది. "మీరే నెల మార్చుకోకపోతే ఎలాగండీ డాక్టరు గారూ" అని నవ్వింది. గొంతు బొంగురుపోయి ఉంది. పది రోజుల పైనుంచి ఆపకుండా మాట్లాడుతోందట. రాత్రికి రెండు గంటలు పడుకుంటే గొప్ప, అయినా అలసట లేదు. పునరావాస కేంద్రంలో వంటవాళ్ళని పక్కకి తప్పించి తనే గరిటె పట్టింది. మెళ్ళో గొలుసు తీసి ముక్కూమొహం తెలియని ముసలావిడ చేతిలో పెట్టింది. లంక చుట్టూ గోడ కట్టించే పని తనకి అప్పజెప్పారని, కలెక్టరు గారు రోజూ తనతోనే మాట్లాడుతున్నారని చెప్పింది. అత్తగారు ఏదో అనబోతే కస్సుమని లేచింది, మరుక్షణం ఏడ్చింది, కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ గోడ సంగతికి వచ్చేసింది.

ఇది మానియా, అంటే ఉత్సాహం హద్దు మీరిపోయే జబ్బు దశ. అందులో సందేహం లేదు. చీటీల్లో ఇంకో సంగతి బయటపడింది. జూన్‌లో ఆమె దిగులుగా, నీరసంగా ఉంటే టౌన్లో ఒక ఫిజీషియన్ ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. డిప్రెషన్ మందు అది, కొందరిలో మానియాని ఎగదోస్తుంది. మూడు వారాలు వేసుకుంది, అంతలో వరద వచ్చింది. ఆ రోజు ఆయన ముందు కూర్చున్న మనిషికి ఆ మందు రాయడంలో తప్పేమీ లేదు. ఆమె వెనకున్న ఇరవై ఏళ్ళ సంగతి ఆయన దాకా ఎవరూ తీసుకెళ్ళలేదు.

అన్న పేషెంటుగా రాలేదు. చెల్లెలి కాగితాలున్న చీరల షాపు కవరు పట్టుకుని తోడుగా వచ్చాడు. ఆ కవరు ఆపకుండా చప్పుడు చేస్తోంది. ఫ్యాన్ గాలికి అనుకున్నాను మొదట. చూస్తే చేతులు వణుకుతున్నాయి. పొద్దున్న పదిన్నరకి చొక్కా వీపంతా తడిసి ఉంది. నాడి నిమిషానికి 118.

"చివరగా ఎప్పుడు తాగారండీ?"

తల్లి వైపు చూశాడు. "రాత్రండి. డాక్టరు గారి దగ్గరికి కదా అని పొద్దున్న వేసుకోలేదు."

వరద రోజుల సంగతి అడిగాను. మద్యం షాపు మునిగిపోయింది, లంకలో చుక్క దొరకలేదు. రెండో రోజు పడవలో ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు రాత్రి పునరావాస కేంద్రంలో "పాములు, పాములు" అని దుప్పట్లు విదిలించాడు. "వరదకి పాములొస్తాయి కదండీ, నిజమే అనుకుని అందరం లైట్లేసుకుని వెతికాం" అంది తల్లి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మద్యం ఆగితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, లేనివి కనిపించే సన్నిపాత స్థితి రావచ్చు. ప్రాణం పోయే స్థితి అది. నీళ్ళు తగ్గి షాపు తెరవగానే మళ్ళీ తాగడం మొదలుపెట్టాడు, "జ్వరం తగ్గినట్టు" తగ్గిపోయింది. అందుకే వరద భయమే అసలు కారణమని ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది.

తల్లి చెప్పిన సంవత్సరాలు

ఆ వారం చెల్లెల్ని వార్డులో చేర్చుకున్నాం. అన్నని కూడా, ముందు ఒప్పుకోకపోయినా, నాడి చూపించి చేర్చాం. ఇద్దరూ నిద్రపోవడం మొదలయ్యాక తల్లిని కూర్చోబెట్టి కాలపట్టిక గీశాను. క్యాలెండరు కాగితం వెనక వైపు అడ్డంగా ఒక గీత, గీతకి పైన కూతురి సంగతులు, కింద కొడుకు సంగతులు.

ఆమెకి ఏ సంవత్సరంలో ఏం జరిగిందంటే చెప్పలేదు. డెల్టాలో ఆ తరం ఆడవాళ్ళని అలా అడగకూడదు కూడా. ఇక్కడ కాలానికి మైలురాళ్ళు వేరే ఉన్నాయి: 1991 పుష్కరాలు, 1996 నవంబరు తుఫాను, 2003 పుష్కరాలు, 2006 వరద, 2015 పుష్కరాలు, కరోనా. ఇవి ముందే గీత మీద రాసి పెట్టుకుని "దానికి ముందా, తర్వాతా?" అని అడిగితే చాలు, ఇరవై ఏళ్ళ నాటి సంగతి నెలతో సహా వస్తుంది. కేస్ షీట్లో "జబ్బు వ్యవధి" అని ఉండే గడిలో మేము సాధారణంగా నాలుగు వారాలో ఆరు నెలలో రాసి వదిలేస్తాం. ఆ గడి అంత చిన్నదిగా ఎవరు గీశారో తెలియదు గానీ, మానసిక వైద్యానికి అది పనికిరాదు.

కూతురు 1990లో పుట్టింది, కొడుకు 1988లో. తుఫాను నాటికి ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు.

"తుఫానుకి జడుసుకుందండి. ఆ రోజు నుంచి నా కొంగు వదిలేది కాదు, బడికి పంపితే వాంతులు."

"తుఫానుకి ముందు అంగన్‌వాడీకి వెళ్ళేదా?"

కాసేపు ఆలోచించింది. "ఆయ్, అప్పుడూ అంతేనండి. నేను గుమ్మం దగ్గర కూర్చోవాల్సిందే. చిన్నప్పట్నుంచీ పిరికిదే. కానీ నెమ్మదైన పిల్లండి, నోట్లో నాలుక లేదు."

కొడుకు? "వాడి సంగతి చెప్పకండి బాబూ. కాలు నిలిచేది కాదు. కొబ్బరిచెట్టెక్కేసేవాడు, కాలవలో దూకేసేవాడు. మేస్టారు కొట్టని రోజు లేదు. మగపిల్లాడు కదా, ఆ మాత్రం ఉంటుంది అనుకున్నాం."

గీతకి పైనా కిందా మొదటి గుర్తులు పడ్డాయి. చిన్న వయసులో మానసిక సమస్యలు మగపిల్లల్లోనే ఎక్కువ కనిపిస్తాయి: ఆటిజం, ఏడీహెచ్‌డీ (కాలు నిలవకపోవడం, ధ్యాస కుదరకపోవడం), మాట ఆలస్యం, మొండి ప్రవర్తన. అవి చప్పుడు చేసే సమస్యలు. విడిగా ఉండలేని భయం, చీకటి భయం, కొత్తవాళ్ళంటే బెరుకు ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ, అవి చప్పుడు చెయ్యవు. ఈ ఇంట్లో ఒకరికి బెత్తం దెబ్బలు దక్కాయి, ఇంకొకరికి "బుద్ధిమంతురాలు" అన్న పేరు దక్కింది. ఇద్దరికీ వైద్యం మాత్రం దక్కలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ముప్పై ఏళ్ళ తర్వాత వెనక్కి చూస్తే ప్రతి చిన్న భయమూ జబ్బుకి మొలకలాగే కనిపిస్తుంది. అది నిజం కాదు. కొంగు పట్టుకుని తిరిగే ఆరేళ్ళ పిల్లల్లో ఎక్కువ మంది ఏ మందూ లేకుండానే పెరిగి పెద్దవాళ్ళవుతారు. మరి ఆ గుర్తు ఎందుకు పెట్టడం అంటే, దాని తర్వాత వచ్చేవాటితో కలిపి చదవడానికి.

పెద్దమనిషయ్యాక

2003 పుష్కరాలైన మూడో నెలలో కూతురు పెద్దమనిషైంది. మరుసటి ఏడాది నుంచి పడిపోవడాలు. బళ్ళో ప్రార్థన వేళ, శుక్రవారం పూజ దగ్గర, మేనమామ కొడుకుతో పెళ్ళి మాట వచ్చినప్పుడు. కళ్ళు గట్టిగా మూసుకునేది, పావుగంట కాళ్ళూచేతులూ కొట్టుకునేది, నాలుక కరుచుకోలేదు, దెబ్బ తగలలేదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, అమ్మవారి గుడిలో నిద్ర చేయించారు. తర్వాత ఎవరో ఫిట్స్ మాత్రలు రాస్తే రెండేళ్ళు వేసుకుంది. కవరులో ఆ పాత చీటీ ఇంకా ఉంది, ఫెనిటోయిన్. ఆ మందుకి చిగుళ్ళు ఉబ్బాయని, అద్దం చూసుకుని ఏడ్చేదని తల్లికి బాగా గుర్తు.

వర్ణన బట్టి అవి మూర్ఛలు కావు, మనసు ఒత్తిడి ఒంటి మీద పలికే డిసోసియేటివ్ ఫిట్స్. యుక్తవయసు ఆడపిల్లల్లో మా ప్రాంతంలో తరచూ చూస్తాం. మూర్ఛలో కళ్ళు సాధారణంగా తెరుచుకుని ఉంటాయి, ఇందులో బిగించి మూసుకుంటారు. ఈ ఒక్క తేడా అడిగినా కొంతమంది పిల్లలకి ఏళ్ళ తరబడి మాత్రలు తప్పుతాయి.

తర్వాత 2006. వరద వచ్చిన ఏడాది. ఇంటర్ మధ్యలో కాలేజీ మానేసింది. "మూడంకె వేసుకుని గోడ వైపు తిరిగి పడుకునేదండి. తల దువ్వుకోమంటే దువ్వెన పట్టుకుని అలా ఉండిపోయేది." దసరా దాటి సంక్రాంతి దాకా అలాగే ఉంది, దానంతటదే తేరుకుంది. పదహారేళ్ళకి వచ్చిన తొలి డిప్రెషన్ అది. పన్నెండేళ్ళ లోపు డిప్రెషన్ ఆడా మగా దాదాపు సమానం. రజస్వల అయ్యే వయసు దాటాక ఆడపిల్లల్లో రెట్టింపవుతుంది, ఆ తేడా నడివయసు దాకా పోదు. హార్మోన్లొక్కటే కారణమని చెప్పలేం. చదువు ఆగిపోవడం, బయట తిరగడం ఆగిపోవడం, పెళ్ళి మాటలు, అన్నీ అదే ఏడాది వచ్చి పడతాయి మా పిల్లలకి.

అదే వయసులో గీతకి కింద ఏం జరుగుతోంది? అన్న పదో తరగతి తప్పి రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళాడు. పదహారేళ్ళ పిల్లాడు, రాత్రంతా గట్టు మీద, చేతిలో టార్చి. ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి, దొంగలు రాకుండా చూడాలి, నిద్ర పోకూడదు. పక్క చెరువు వాళ్ళు పోసిన మొదటి గ్లాసు అక్కడే. "తాగితే బుర్ర నెమ్మదించేదండి" అన్నాడు నాతో. చిన్నప్పటి నుంచి ఒక్క చోట నిలవని బుర్ర. చికిత్స లేని ఏడీహెచ్‌డీ మత్తు అలవాటుకి దారి తీసే అవకాశం ఎక్కువన్నది బాగా తెలిసిన సంగతే. ఇతని మాటల్లో ఆ కారణం కూడా ఉంది. ఇరవై నాలుగుకి రోజూ, ముప్పైకి పొద్దున్నే క్వార్టర్. ఈ మధ్యలో ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. తండ్రీ తాగేవాడు, లివర్ పాడై పోయాడు. ఆ ఇంట్లో తాగుడు వంశం గుణమే తప్ప జబ్బు కాదు.

29 దేశాల్లో లక్షన్నర మందికి పైగా జనాన్ని అడిగి చేసిన ప్రపంచ మానసిక ఆరోగ్య సర్వేల లెక్క 2023లో వచ్చింది. 75 ఏళ్ళు వచ్చేలోపు దాదాపు ఇద్దరిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య వస్తుంది: మగవాళ్ళలో 46 శాతం, ఆడవాళ్ళలో 53 శాతం. మొదలయ్యే వయసు పదిహేను దగ్గర శిఖరానికి చేరుతుంది. మగవాళ్ళలో ముందు వరసలో మద్యం, డిప్రెషన్. ఆడవాళ్ళలో డిప్రెషన్, భయాలు. అంతకు ముందు ఏడాది 192 అధ్యయనాలు కలిపి చూసిన ఇంకో లెక్క ప్రకారం పద్నాలుగు దాటకముందే మూడో వంతు, పద్దెనిమిది లోపు దాదాపు సగం మొదలైపోతాయి. మా కాలపట్టిక మీద ఇద్దరి గుర్తులూ సరిగ్గా ఆ గీత లోపలే ఉన్నాయి. క్లినిక్‌కి వచ్చింది మాత్రం ముప్పై దాటాక.

మన దేశంలో 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ సర్వేలో లెక్క తిరగబడింది. ఆ సమయానికి జబ్బుతో ఉన్నవాళ్ళు మగవాళ్ళలో 13.9 శాతం, ఆడవాళ్ళలో 7.5 శాతం. మద్యం, మత్తు అలవాట్లని కూడా కలపడం దీనికి పెద్ద కారణం. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు. ఉంటే డెల్టా మగవాళ్ళ అంకె ఇంకా పైనే ఉండేదని నా అనుమానం.

పురుడు, పుష్కరాలు

2009లో చెల్లెలికి పెళ్ళి, పక్క మండలానికి. 2010లో పుట్టింట్లో తొలి పురుడు, ఆడపిల్ల. నాలుగో రోజు నుంచి నిద్ర లేదు. ఐదో రోజు "ఆసుపత్రిలో బిడ్డని మార్చేశారు, ఇది నా పిల్ల కాదు" అంది. పాలివ్వనంది, గదిలో ఎవరో గుసగుసలాడుతున్నారంది. పురిటి గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, వేపాకు పొగ వేశారు. మూడు వారాలకి తగ్గింది. బిడ్డని రాత్రుళ్ళు అమ్మమ్మ తన పక్కలో పెట్టుకుంది. ఏ వైద్యం తెలియకుండానే ఆవిడ చేసిన ఆ పని బహుశా ఆ బిడ్డని కాపాడింది.

కాలపట్టికలో నేను ఎర్ర పెన్ను వాడింది ఇక్కడే. ప్రసవం తర్వాత తొలి రెండు వారాల్లో వచ్చే ఈ రకం మతిభ్రమణం వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. కానీ వచ్చినవాళ్ళలో బైపోలార్, అంటే డిప్రెషన్, మానియా దశలు మారి మారి వచ్చే జబ్బు, నేపథ్యం చాలా ఎక్కువ. బైపోలార్ ఉన్న ప్రతి అయిదుగురు తల్లుల్లో దాదాపు ఒకరికి ఇది వస్తుంది. డెన్మార్క్ రిజిస్టర్ల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో, కాన్పైన మొదటి నెలలోనే తొలిసారి మానసిక వైద్యం అవసరమైన తల్లుల్లో సుమారు 14 శాతం మందికి తర్వాతి 15 ఏళ్ళలో బైపోలార్ అని తేలింది. మిగతా సమయాల్లో మొదలైనవాళ్ళలో అది 5 శాతం లోపే. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, దానికి తోడు నిద్రలేమి. ఆడవాళ్ళ జీవితంలో ఇంత పదునైన ప్రమాద ఘడియ మరొకటి లేదు. మగవాళ్ళకి ఇలాంటిది అసలు లేదు. అయినా మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళ కేస్ షీట్లలో "కాన్పైన వారంలో ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్న తరచూ ఉండదు.

2012లో కొడుకు పుట్టాడు, రెండు నెలలు దిగులు. ఆపరేషన్ చేయించేశారు. భర్త కువైట్ వెళ్ళాడు.

అసలు దాపరికం 2015లో ఉంది. ఆ ఏడాది గురించి తల్లి ఏమీ చెప్పలేదు, "బానే ఉందండి" అంది. చెప్పింది అత్తగారు, అదీ మెచ్చుకుంటూ. "పుష్కరాలకి మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ కోడలే వండి పెట్టిందండి. తెల్లారగట్ల రెండింటికే లేచేది. రోజూ రేవుకి వెళ్ళొచ్చేది. అంత చలాకీగా దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఊరంతా మెచ్చుకున్నారు." ఇంకా అడిగితే గాజులు అమ్మి అన్నదానానికి ఇవ్వడం, కువైట్‌కి అర్ధరాత్రి ఫోన్లు, పక్కింటి వాళ్ళతో గట్టు తగాదా బయటికొచ్చాయి. పుష్కరాలైన నెలకి మళ్ళీ మూడంకె. "అంత కష్టపడింది కదండీ, నీరసించింది అనుకున్నాం."

హైపోమానియా అది, మానియాకి కాస్త తక్కువ రూపం. అత్తవారింట్లో కోడలు రెండింటికి లేచి వంట చేస్తే జబ్బని ఎవరంటారు? అదే అన్న నాలుగు రోజులు అలా తిరిగి ఉంటే తాగి గొడవ చేస్తున్నాడని పంచాయితీ పెట్టేవారు. బైపోలార్ ఆడా మగా సమానంగానే వస్తుంది. ఆడవాళ్ళలో తొలి దశ ఎక్కువగా డిప్రెషన్, పై దశ ఇలా పనిమంతురాలన్న పేరు వెనక దాక్కుంటుంది. అందుకే నేను ఇప్పుడు "ఎప్పుడైనా మరీ హుషారుగా ఉన్నారా?" అని అడగడం మానేశాను. "అందరూ మిమ్మల్ని బాగా మెచ్చుకున్న కాలం ఏదండీ, అప్పుడు ఎన్ని గంటలు పడుకునేవారు?" అని అడుగుతున్నాను.

గీతకి పైన ఇప్పుడు వరుస ఇది: ఆరేళ్ళకి భయం, పద్నాలుగుకి పడిపోవడాలు, పదహారుకి డిప్రెషన్, ఇరవైకి పురిటి మతిభ్రమణం, ఇరవై అయిదుకి హైపోమానియా, ముప్పై రెండుకి మానియా. విడివిడిగా చూస్తే ఆరు జబ్బులు, ఆరుగురు వైద్యులు. కెనడాలో ఆన్ డఫీ బృందం బైపోలార్ ఉన్న తల్లిదండ్రుల పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసినప్పుడు దాదాపు ఇదే మెట్ల వరుస కనిపించింది: చిన్నతనంలో నిద్ర, భయాల ఇబ్బందులు, యుక్తవయసులో డిప్రెషన్, ఆ తర్వాతే మానియా. న్యూజిలాండ్‌లో డ్యునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన 1,037 మందిని ఈ రోజుకీ పరిశీలిస్తున్నారు. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి 86 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మానసిక జబ్బు ప్రమాణాలకి సరిపోయారు. అలా సరిపోయినవాళ్ళలో 85 శాతం మందికి ఒకటి కన్నా ఎక్కువ జబ్బులు పోగయ్యాయి. ఒకే పేరుతో మొదలై అదే పేరుతో ముగిసే మనిషి అరుదు.

వైద్యం

ఎస్సిటాలోప్రామ్ ఆపాం. మందు ఒంట్లోంచి పోయాక కూడా మానియా వారాల పాటు నిలిచింది కాబట్టి దాన్ని కేవలం మందు ప్రభావం అనడానికి లేదు. ఓలాంజపిన్‌తో నిద్ర తెప్పించి, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ చూసి, మనసు పైకీ కిందికీ ఊగకుండా నిలిపే లిథియం మొదలుపెట్టాం. అదే పనికి వాడే ఇంకో మందు వాల్ప్రోయేట్‌ని పిల్లలు పుట్టే వయసులో ఇస్తే గర్భంలోని బిడ్డకి అవయవ లోపాలు, బుద్ధిమాంద్యం ముప్పు పెద్దది. ఆపరేషన్ అయింది కాబట్టి ఈమె విషయంలో ఆ అడ్డు లేదు. అయినా దిగులు దశలు ఎక్కువ ఉన్న మనిషి, 2006లో రేవు మెట్ల మీద చాలాసేపు నిలబడి తిరిగొచ్చానని తనే చెప్పింది. ఆత్మహత్య ముప్పు తగ్గించడంలో లిథియంకి ఉన్నంత పేరు ఇంకో మందుకి లేదు. మోతాదు మించితే ప్రమాదమే కాబట్టి మాత్రల డబ్బా అత్తగారి దగ్గర ఉంచాం, చెరువు మందుల్ని ఇంట్లోంచి తీయించాం. ఆ అక్టోబరులో ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలిమానస్ మొదలయ్యాక, రాత్రిపూట ఏదైనా అయితే అని దాని నంబరు 14416 అత్తగారి ఫోన్లో వేసిచ్చాం.

డెల్టాలో లిథియం నడపడం ఒక విద్య. 2023 కార్తీకంలో ఆమె చేతులు వణుకుతూ, విరేచనాలతో వచ్చింది. రక్తంలో లిథియం 1.4 ఉంది, నాకు కావలసింది 0.6 నుంచి 0.8. సోమవారాలు ఉపవాసం, మిగతా రోజుల్లో ఉప్పు లేని పథ్యం, దానికి తోడు నడుం నొప్పికి ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు. ఉప్పు తగ్గితే, నీళ్ళు తగ్గితే, ఆ రకం నొప్పి మందు పడితే కిడ్నీ లిథియంని బయటికి పంపదు. ఉపవాసం మానమని నేను చెప్పలేదు. చెబితే మందే మానేస్తారు. పళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ, నొప్పికి పారాసిటమాల్ మాత్రమే అని ఒప్పుకున్నాం. ఆర్‌ఎంపీకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఆ రోజు నుంచి మా వాళ్ళ చీటీలు ఫోటో తీసి పంపి అడిగి మరీ సూది వేస్తున్నాడు.

అన్నకి వణుకూ ఫిట్సూ ఆపే లోరాజెపామ్, థయమిన్ (విటమిన్ బి1)తో మొదటి వారం గట్టెక్కింది. గ్లూకోజ్ బాటిల్ కన్నా ముందు థయమిన్ పడాలని వార్డులో గోల చెయ్యాల్సి వచ్చింది. లివర్ ఎంజైములు ఎక్కువగా ఉండడంతో, తాగాలన్న యావ తగ్గించే మందుల్లో అకాంప్రొసేట్ ఎంచుకున్నాం. తల్లి మెల్లగా "కూరలో కలిపే పొడి ఉందటగా బాబూ?" అని అడిగింది. ఆ పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియకుండా తిని పైన తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ససేమిరా వద్దన్నాను. నాలుగు నెలలు ముట్టలేదు. సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర మళ్ళీ మొదలైంది. తర్వాత బుర్ర నిలవని సంగతికి అటమాక్సెటిన్ కలిపి, రాత్రి కాపలా మాన్పించి పగటి మేత పనికి మార్పించాక ఎక్కువ కాలం నిలబడుతున్నాడు. ఈ మూడేళ్ళలో ఎన్ని నెలలు తాగలేదంటే తాగిన నెలల కన్నా ఎక్కువే. దాన్ని నేను మంచి ఫలితమే అంటాను.

ఇంకో ఇద్దరు

కాలపట్టిక దాదాపు పూర్తయ్యాక తల్లి నోరు విప్పింది. ఆమె ఆడపడుచు, అంటే వీళ్ళ మేనత్త, పక్క వీధిలోనే ఉంటుంది. నలభై ఎనిమిదేళ్ళ దాకా లేసులు అల్లి నరసాపురం ఏజెంటుకి ఇస్తూ ఇల్లు నడిపిన మనిషి. ముట్లుడిగిన తర్వాత మొదలైంది: బోరు నీళ్ళలో ఎవరో మందు కలుపుతున్నారని, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని. "వయసు మీద పడ్డాక చాదస్తం" అన్నారు. ఇలా లేని అనుమానాలు, గొంతులు తెచ్చే స్కిజోఫ్రీనియా మగవాళ్ళలో ఎక్కువగా ఇరవై ఏళ్ళ తొలి భాగంలో మొదలవుతుంది. ఆడవాళ్ళలో కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తుంది, నలభై అయిదు దాటాక మళ్ళీ ఒక చిన్న ఉప్పెన ఉంటుంది. జర్మనీలో మాన్‌హైమ్ పరిశోధకులు దీన్ని గట్టిగా చూపించారు. ఆడవాళ్ళ హార్మోను ఈస్ట్రోజెన్ అప్పటిదాకా కొంత రక్షణ ఇచ్చి, ముట్లుడిగాక ఆ రక్షణ పోవడం ఒక కారణమని వాళ్ళ వాదన. మేనత్తని ఇంతవరకూ క్లినిక్‌కి తేలేకపోయారు. గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కితే ముంచేస్తారని ఆవిడ భయం.

రెండో మనిషి కూతురి కూతురు, 2010లో పుట్టిన పిల్ల. "దీనికీ వస్తుందా?" అని అత్తగారు అడిగింది. తల్లికో తండ్రికో బైపోలార్ ఉంటే పిల్లకి అదే జబ్బు వచ్చే అవకాశం పదిలో ఒకటి లోపే, రాకపోయే అవకాశం తొమ్మిది పైన. అలాగే చెప్పాను. పిల్లకి ఏడెనిమిదేళ్ళప్పుడు ఒంటరిగా పడుకోలేని భయం ఉండేది, ఇప్పుడు లేదు. పరీక్షల ముందు నిద్ర పట్టదంటుంది. మందు రాయలేదు, జబ్బు పేరూ పెట్టలేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చి మాట్లాడి వెళ్తుంది. నిద్ర గంటలు ఒక నోటుబుక్కులో రాస్తుంది.

ఇప్పుడు ఇంట్లో తగువంతా ఆ నిద్ర మీదే. పదో తరగతి అయ్యాక విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో వెయ్యాలని తండ్రి కువైట్ నుంచి పట్టుబట్టాడు. అక్కడ తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. పదిహేను నుంచి పద్దెనిమిది మధ్య, ఈ కుటుంబంలో పుట్టిన ఆడపిల్లకి ఆరు గంటల లోపు నిద్ర నాకు ఇష్టం లేదు. డే స్కాలర్‌గా అమలాపురంలోనే చదివించమన్నాను. "అడ్వాన్సు కట్టేశాం కదండీ" అన్నాడు వీడియో కాల్లో. తల్లి, అంటే మన పేషెంటు, ఫోన్ తన వైపు తిప్పుకుని "ఆ డబ్బు పోతే పోయిందండి, నేను మాట్లాడతాను" అంది. ఎండాకాలం సెలవుల్లో ముగ్గురూ కలిసి మళ్ళీ వస్తామన్నారు. ఆలోపు లిథియం పరీక్ష ఒకటి చేయించుకోవాలి, ఎండలు ముదరకముందే.